రహీంబీ రాయి

కడప పట్నానికి పడమటి అంచున, రైలుకట్ట దిగువన, మూడు పక్కల నాపరాళ్లు నిలబెట్టి పైన బోదగడ్డి కప్పిన కొట్టం ఒకటి ఉండేది. పొద్దున ఎనిమిది గంటలకల్లా అందులోంచి ఉలి చప్పుడు మొదలయ్యేది. గనిలో సుత్తిదెబ్బల మాదిరి దబదబమని కాదు; పిచ్చుక గింజ పొడిచినట్టు సన్నగా, ఆగి ఆగి. అది విని దారిన పోయేవాళ్లు, "ఎవురో పోయినట్టుండారు, లేవి పేరు చెక్కుతాండాడు" అనుకునేవాళ్లు.

లేవి తాత, తండ్రి ఎర్రగుంట్ల గనుల్లో నాపరాయి తీసి బతికినవాళ్లు. లేవీ మీసం మొలవకముందే గనిలో దిగాడు. అతని చేతిలో ఒక నిదానం ఉందని మొదట కనిపెట్టినవాడు చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి బాలస్వామి. చర్చి గడపరాయి మీద సంవత్సరం అంకెలు చెక్కాల్సి వచ్చినప్పుడు ఆయన పెద్ద పనివాళ్లందర్నీ వదిలి లేవిని పిలిపించాడు. అంకెలు కుదిరాయి. ఆ తర్వాత ఆయనే కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు నేర్పాడు. అలా గనిలోంచి బయటపడి, కడప చేరి, జ్ఞానమణిని పెళ్లాడి, సమాధిరాళ్ల మీద పేర్లు చెక్కే పనిలో కుదురుకున్నాడు. నలభై ఏళ్లు వచ్చేసరికి 'రాతల లేవి' అని పేరు పడింది. ఇంతవరకూ తాను ఒక్క అక్షరం చెడగొట్టలేదని చెప్పుకునేవాడు. రాయి మీద తప్పు పడితే దిద్దుకునే వీలుండదు కాబట్టి తప్పు పడనివ్వనని కూడా అనేవాడు. ఆ మాట అనేటప్పుడు అతని మెడ కొంచెం నిక్కేది.

మొదట్లో క్రైస్తవుల రాళ్లే చెక్కేవాడు. ముసల్మానుల పేర్లు చెక్కే ముసలాయన ఒకడు ఊళ్లో ఉండేవాడు. ఆయనకు చూపు పోయాక వాళ్లూ లేవి దగ్గరికే రాసాగారు. లేవికి ఉరుదూ ఒక్క ముక్క రాదు. మసీదులో శుక్రవారం ప్రసంగం చెప్పే ఖతీబు సాయబు వచ్చి, నల్లటి రాయి మీద సుద్దతో పేరు రాసి పోయేవాడు. లేవి ఆ సుద్దగీత మీదనే ఉలి నడిపించేవాడు. అతని లెక్కలో అవి అక్షరాలు కావు. ఒకటి కర్ర, ఒకటి కొక్కెం, ఒకటి పడవ, వాటికి పైనా కిందా చుక్కలు. ముగ్గు మీద పిండి పోసినట్టు, గీత తప్పకుండా చెక్కి ఇచ్చేవాడు.

కొట్టానికి వెనక సందులో బుడన్ సాయబు కాపురం. వాళ్లు దూదేకులవాళ్లు. ఇంట్లో మాట తెలుగే, పొద్దున లేస్తే దూది ఏకే విల్లు చప్పుడే. బుడన్ సాయబు దూది ఏకితే అతని భార్య రహీంబీ పరుపులు, బొంతలు కుట్టేది. పొడవాటి మనిషి. జుట్టులో, కనుబొమల్లో ఎప్పుడూ దూది నూగు అంటుకుని ఉండేది. వాళ్లకు ఒక్కతే కూతురు, హుసేనమ్మ. ఆమెను నందికొట్కూరు ఇచ్చారు. లేవి దంపతులకు పిల్లలు నిలవలేదు.

ఒకనాడు మధ్యాహ్నం జ్ఞానమణి, రహీంబీ కొట్టం నీడలో కూర్చుని బొంత కుడుతున్నారు. లేవి తన పనిలో ఉన్నాడు. మాటల్లో జ్ఞానమణి, తన పేరుకు అర్థమేమిటో, మొగుడి పేరుకు అర్థమేమిటో చెప్పింది. పాదిరి చెప్పాడట, లేవి అంటే అంటుకుని ఉండేవాడని.

రహీంబీ సూది ఆపింది. "అయితే నా పేరుకూ అర్థముంటాదా లేవీ?"

"ఉండకుండా యాడికి పోతాది వదినా?"

"నేను పుట్టినప్పుడు ఫకీరు ఒకాయన పెట్టిపోయినాడంట. మా అమ్మకూ తెలీదు, మా నాయనకూ తెలీదు. అందరూ రైంబీ, రైంబీ అని పిలుచ్చారు. గొడ్డును పిలిచినట్ల పలుకుతానే ఉండా."

"ఖతీబు సాయబు వచ్చినప్పుడు అడిగి చెప్తాలే."

అడుగుదామనే అనుకున్నాడు. ఖతీబు వచ్చిన రోజున ఏదో పని తొందర. ఇంకోసారి వచ్చినప్పుడు గుర్తు రాలేదు. రహీంబీ మళ్లీ అడగలేదు.

పందొమ్మిది వందల యాభై రెండులో కరువు వచ్చింది. అంతకు ముందూ వానల్లేవు. బావులు అడుగంటి, జొన్న దొరక్క, పల్లెల జనం పట్నం దారి పట్టారు. తినడానికే లేనప్పుడు సమాధిరాళ్లు ఎవరికి కావాలి? పరుపులు ఎవరికి కావాలి? ఉలి చప్పుడూ ఆగింది, విల్లు చప్పుడూ ఆగింది. సర్కారు వాళ్లు గంజి కేంద్రం తెరిచారు. అక్కడ చెంబు పట్టుకుని తెల్లవారుజాము నుంచి నిలబడాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే జ్ఞానమణి కడుపు పోయి, కాళ్లు వాచి, మంచం పట్టింది. లేవి రోడ్డు కంకర కొట్టే పనికి ఆరు మైళ్లు నడిచిపోయేవాడు. వరసలో నిలబడేవాళ్లు లేరు.

రహీంబీ రెండు చెంబులు తీసుకుని నిలబడింది. ఎవరి చెంబు వాళ్లే తేవాలని అక్కడివాళ్లు అడ్డం చెబితే, "ఇది నా చెల్లెలిది, లేవలేక ఉండాది. కావాలంటే వచ్చి చూసుకో" అని తగువులాడింది. ఒకరోజు కేంద్రం గుమాస్తా నిజంగానే వచ్చి చూసి, క్రైస్తవుల ఇల్లని తెలిసి, "చెల్లెలన్నావే?" అని అడిగాడంట. "అయితే ఏమప్పా, ఆకలికి కూడా మతం అడుగుతావా?" అన్నదంట. ఆ గుమాస్తా మళ్లీ అడగలేదు. రెండున్నర నెలలు, ఎండలో, ఒక్కో చేత ఒక్కో చెంబు. జ్ఞానమణి లేచి నడిచింది. లేవి ఆ మాట ఎన్నడూ మరిచిపోలేదు. రహీంబీ ముందు మాత్రం ఎప్పుడూ ఏమీ అనలేదు. చెబితే ఆమె నవ్వి పారేసేది.

యాభై ఐదులో రహీంబీకి దగ్గు పట్టుకుంది. ముప్పై ఏళ్లు దూది నూగు పీల్చిన రొమ్ము. మొదట ఆయాసం, తర్వాత కూర్చున్నచోటి నుంచి లేవలేకపోవడం. ఆసుపత్రిలో తెల్ల మందు పోశారు. ఎండాకాలం ముగిసేలోపే పోయింది.

మూడోరోజు కానిచ్చాక బుడన్ సాయబు కొట్టం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. లేవి తలెత్తకుండానే అన్నాడు: "అన్నా, రాయి సంగతి నువ్వు తలుచుకోవద్దు. అది నాది."

మర్నాడే ఎర్రగుంట్ల పోయి, గనిలో తనకు తెలిసినవాళ్ల చేత పైపొరలు తీయించి, లోపలి రాయి ఎంచుకున్నాడు. నీళ్లు చల్లితే నల్లగా నిగనిగలాడే రాయి. బండి మీద గడ్డి పరిచి తెచ్చుకుని, ఐదు రోజులు నున్నగా రుద్దాడు. ఖతీబు సాయబు వచ్చి సుద్దతో పేరు రాశాడు. అప్పటికే ఆయన కంట్లో పొర కమ్మింది. ముఖం రాయికి ఆనించి రాశాడు.

లేవి తన బతుకులో అంత శ్రద్ధగా ఇంకో రాయి చెక్కలేదు. పేరు దాదాపు పూర్తయింది. కొక్కెంలాంటి అక్షరం అంచు నున్నచేస్తుండగా ఉలి జారింది. ఎందుకు జారిందో అతనికే తెలియదు. చేయి అలిసిందో, కన్ను చెమ్మగిల్లిందో. కొక్కెం కింద జొన్నగింజంత పెచ్చు లేచిపోయింది.

లేవి పొడి ఊది చూశాడు. రాయి మార్చాలా? మళ్లీ గనికి పోవాలా? నలభై రోజుల దినానికి రాయి నిలపాలని బుడన్ సాయబు ఆశ. ఆ పెచ్చు పక్కనే, ఎడమవైపు, రెండు చుక్కలు ముందే ఉన్నాయి. ఈ రాతలో చుక్కలు కొల్లలు కదా అనుకున్నాడు. ఇంకొకటి ఉంటే ఎవరికి తెలుస్తుంది? సన్న ఉలి తీసుకుని, ఆ పెచ్చు అంచులు గుండ్రంగా చెక్కి, మిగతా రెండిటికి జోడైన చుక్క చేశాడు. ఎంత అందంగా కుదిరిందంటే, తర్వాత చూస్తే అది మొదటి నుంచీ అక్కడే ఉన్నట్టుంది.

ఎవరికీ చెప్పలేదు. జ్ఞానమణికి కూడా.

రాయి నిలిపిన రోజు ఖతీబు సాయబు వచ్చాడు, తడిమి చూశాడు, "బాగుండాది" అన్నాడు. బుడన్ సాయబు వంగి ఆ అక్షరాలను చేత్తో నిమిరాడు. అతనికీ చదువు రాదు. ఆ తర్వాత మూడేళ్లు, శుక్రవారం శుక్రవారం పోయి రాయి మీది దుమ్ము తన భుజం గుడ్డతో తుడిచి వచ్చేవాడు.

యాభై ఎనిమిదిలో కర్నూలు నుంచి ఉరుదూ పంతులు ఒకాయన బదిలీ మీద కడప వచ్చాడు. ఎవరినో మట్టి చేయడానికి పోయి, తిరిగి వస్తూ సమాధుల మధ్య రాళ్లు చదువుకుంటూ నడుస్తున్నాడు. రహీంబీ రాయి దగ్గర ఆగిపోయాడు. పక్కవాళ్లను పిలిచి చూపించాడు. ఆ సాయంత్రానికి సందు సందంతా ఆ మాటే.

మర్నాడు పొద్దున బుడన్ సాయబు, ఖతీబు సాయబు ఇద్దరూ కొట్టానికి వచ్చారు. ఖతీబు చేయి బుడన్ సాయబు భుజం మీద ఉంది. ఆయనకిప్పుడు దారి సరిగా కనబడదు. లేవి లేచి రాతిబండ తుడిచి కూర్చోమన్నాడు. బుడన్ సాయబు కూర్చోలేదు.

"లేవీ, ఒక సంగతి అడగల్ల నిన్ను. కోపం చేసుకోవద్దు."

"అడుగన్నా."

"మీ వదిన రాయి మీద ఒక చుక్క ఎక్కువ ఉండాదంట. అది సాయబు రాసిందా, నువ్వు చెక్కిందా?"

లేవి చేతిలో ఉలి కింద పెట్టాడు. అబద్ధమాడే వీలు ఉంది. ఖతీబుకు చూపు లేదు, ఆయనే రాశాడంటే కాదనలేడు. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది కూడా. "నేనే అన్నా," అన్నాడు. "ఉలి జారి పెచ్చు లేచింది. దాన్ని చుక్క చేసినా. ఒక చుక్కతో ఏమైతాదిలే అనుకుంటి. ఏమైంది?"

ఖతీబే నెమ్మదిగా చెప్పాడు.

"చూడు లేవీ. మేము ఏ పని మొదలుపెట్టినా రెండు మాటలు వరసగా అంటాము. మొదటి మాటలో సైతాన్ను దూరంగా పొమ్మంటాము. వాని పేరు వెనక 'రజీమ్' అని వస్తాది. రాళ్లతో కొట్టి తరిమేసినోడు అని. రెండో మాటలో అల్లాను తలుచుకుంటాము. ఆయన పేరు వెనక 'రహీమ్' అని వస్తాది. దయగలోడు అని. ఎంత దయంటే, తల్లి కడుపులో బిడ్డ పడుకునే చోటు ఉంటాదే, అరబ్బీలో దాని పేరు కూడా ఈ మాటలోంచి పుట్టిందే. ఆడబిడ్డకు రహీంబీ అని పేరు పెడితే, ఆ దయ ఈ బిడ్డలో కొంచెమన్నా ఉండనీ అని. రాతలో ఈ రెండు మాటలకూ తేడా ఒక్క చుక్క. కొక్కెం కింద ఏమీ లేకుంటే రహీమ్. చుక్క పెడితే రజీమ్."

లేవి రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని బండ మీద కూలబడ్డాడు. రెండు చెంబులతో ఎండలో నిలబడ్డ మనిషి. ఆమె తల దగ్గర, మూడేళ్లుగా, తన చేత్తో నున్నగా చెక్కిన తిట్టు.

"నా కండ్లదీ తప్పే," అన్నాడు ఖతీబు. "ఆపొద్దు తడిమి బాగుండాదంటిని. చుక్కలు లెక్కబెట్టలేదు."

బుడన్ సాయబు అప్పుడు కూర్చున్నాడు. భుజం గుడ్డ తీసి ఒళ్లో పెట్టుకుని అన్నాడు: "ముప్పై ఏండ్లు కాపురం చేస్తిని లేవీ. ఆ పేరుకు అర్థముండాదని నాకు తెలీదు. నిన్న చెప్పినారు. ఇంత పేరు పెట్టుకుని నా ఇంట్లో బొంతలు కుట్టింది ఆ మనిషి. ఆమెకు తెలీకుండానే పాయె."

"నన్నడిగింది అన్నా," అన్నాడు లేవి. "తన పేరుకు అర్థమేందని నన్నే అడిగింది. సాయబును అడిగి చెప్తానంటి. అడగలేదు."

బుడన్ సాయబు అతని వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపమున్నా బాగుండేదని లేవి తర్వాత జ్ఞానమణితో అన్నాడు.

ఊళ్లో కోపం ఉంది. క్రైస్తవుడు కావాలనే చేశాడని కొందరన్నారు. చదువురానివాళ్ల చేత అల్లా మాట చెక్కించడమే తప్పని కొందరన్నారు. పంతులు మాత్రం, పూర్వం అరబ్బులు చుక్కలు లేకుండానే రాసేవాళ్లని, తెలిసినవాడు చుక్క ఉన్నా లేకున్నా సరిగ్గానే చదువుకుంటాడని సర్దిచెప్పబోయాడు. ఎవరూ వినలేదు. రాయిని పెకలించి బోర్లా పడుకోబెట్టారు.

లేవి దాన్ని బండి మీద కొట్టానికి తెచ్చుకున్నాడు. పెట్టిన చుక్క తీయలేడు. రాయిలో గుంట పూడదు. మిగిలిన దారి ఒకటే. అక్షరాలన్నీ పోయేదాకా రాయి ముఖమంతా అంగుళం లోతు చెక్కేసి, కింద కొత్త ముఖం తీసి, దాని మీద మళ్లీ చెక్కడం. ఈసారి ఖతీబు దగ్గర కూర్చుని ఆ పేరులోని ఒక్కొక్క అక్షరమూ నేర్చుకున్నాడు. రే, హే, యే, మీమ్, బే, యే. నలభై ఐదేళ్ల మనిషి ఇసుకలో వేలితో రాసి, చెరిపి, మళ్లీ రాశాడు. కొక్కెం కింద ఖాళీ వదిలి, ఆ ఖాళీ చూపించి, "ఇదే కదా సాయబూ దయ?" అని అడిగాడు. "ఇదే," అన్నాడు ఖతీబు, కనబడకపోయినా.

పదకొండు రోజులు రాయి ముఖం చెక్కాడు. పన్నెండోరోజు పొద్దున, అక్షరాల అడుగు ఆనవాళ్లు ఇంకా పూర్తిగా పోకముందే, రాయి లోపల ఎక్కడో సన్నగా పలికింది. గనిలో పుట్టి పెరిగినవాడికి ఆ చప్పుడు తెలుసు. నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఏ పొర ఎప్పుడు విడుతుందో రాయికే తెలియాలి. చూస్తుండగానే అడ్డంగా గీత నడిచి రాయి రెండుగా విడిపోయింది.

జ్ఞానమణి గంజి తెచ్చి పెట్టి, విరిగిన రాయి చూసి పక్కన కూర్చుంది.

కొత్త రాయి తెస్తానని లేవి బుడన్ సాయబు ఇంటికి పోయాడు. విల్లు గోడకు వేలాడుతోంది. ముసలాయన మంచం మీద ఉన్నాడు.

"వద్దులే లేవీ," అన్నాడు. "రాయి లేకుంటే ఆమె యాడికీ పోదు. నువ్వు ఊరికే చేతులు నొప్పించుకుంటాండావు."

"నాకు మనసు పట్టదన్నా."

"నాకూ పట్టదు. రాయి నిలబెడితే పడతాదా?" కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఒక పని చెయ్యి. నీకిప్పుడు ఆ పేరు చదవను వచ్చు కదా. నాకొకసారి చెప్పు, ఏ అక్షరం తర్వాత ఏ అక్షరమో."

లేవి మంచం పక్కన కూర్చుని చెప్పాడు. బుడన్ సాయబు కళ్లు మూసుకుని ఒక్కొక్కటి పలికాడు, పలకలేక తప్పు పలికి, మళ్లీ పలికాడు.

ఆ తర్వాత ముసల్మానులు రాళ్లకు వేరే ఊరి పనివాడి దగ్గరికి పోయారు. లేవి తప్పు పట్టలేదు. క్రైస్తవులు మాత్రం వస్తూనే ఉన్నారు. చెక్కనని అతనే చెప్పాడు. ఉపదేశి బాలస్వామి, వంగిపోయిన ముసలితనంలో కర్ర పట్టుకుని వచ్చి, "తెలుగు నీకు వచ్చు కదరా, దానికేమి భయం?" అని అడిగాడు.

"అక్షరం వచ్చినంత మాత్రాన చెయ్యి జారకుండా ఉంటాదా అయ్యా?" అన్నాడు లేవి. "జారితే చెప్పే ధైర్యముండల్ల. నాకు లేకపాయె."

ఇళ్లల్లో నేలకు పరిచే బండలు కొట్టే పనికి కుదిరాడు. బండల మీద పేర్లుండవు. కొట్టంలోంచి సన్నటి ఉలి చప్పుడు ఇక రాలేదు.

యాభై తొమ్మిది చివర్లో బుడన్ సాయబు పోయాడు. అంతకు వారం ముందే నందికొట్కూరు నుంచి కూతురు హుసేనమ్మ వచ్చి దగ్గరుంది. తండ్రిని తల్లి పక్కనే పెట్టారు. అన్నీ అయ్యాక ఆమె కొట్టానికి వచ్చి నిలబడింది. తల్లి మాదిరే పొడవాటి మనిషి. లేవి ఒక్క క్షణం తల తిప్పుకున్నాడు.

"చిన్నాయనా, మా అమ్మకూ నాయనకూ రాళ్లు నువ్వే చెయ్యల్ల."

"నేను అక్షరం ముట్టను తల్లీ. నీకు తెలీదా ఏమైందో?"

"తెల్సు. నాయన చెప్పినాడు. పోయే నాలుగు రోజుల ముందు కూడా చెప్పినాడు." ఆమె చెంగుతో ముక్కు తుడుచుకుంది. "అక్షరాలు లేకుండానే చెయ్యి. ఊరికే నున్నటి రాళ్లు. వానకు మట్టి కొట్టుకపోతే యాడుండారో నాకు తెలియద్దా?"

లేవి ఒప్పుకున్నాడు. రెండు రాళ్లు ఎంచి, తొమ్మిది రోజులు రుద్దాడు. మసీదు పెద్దలు ఏమంటారోనని ఖతీబు సాయబు తానే కర్రతో దారి తడుముకుంటూ ముందు నడిచి వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎవరూ ఏమీ అనలేదు. లేవి గుంటలు తవ్వి, రాళ్లు దించి, మట్టి తొక్కి, నీళ్లు పోశాడు. హుసేనమ్మ రెండిటినీ చేత్తో తడిమి, మధ్యాహ్నం రైలుకు పోయింది.

ఎవరైనా అటు పోయి రాతలు లేని ఆ రెండు రాళ్లు చూసి అడిగితే, ఎడమది రహీంబీదని, కుడిది బుడన్ సాయబుదని లేవి చెప్పేవాడు. రహీంబీ పేరుకు అర్థం కూడా చెప్పేవాడు. అడిగినా అడగకపోయినా చెప్పేవాడు. అతను ఉన్నన్నాళ్లూ ఏది ఎవరిదో తెలిసేది. తర్వాత చెప్పేవాళ్లు లేరు.